కుక్కకాటు: దోషము జాతిదా, యజమానిదా?

కుక్క మనిషికి మచ్చికయైన మొట్టమొదటి జంతువు. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము ఇంటికి రాకమునుపే అది మన వెంట నడచినది; వేటకు తోడైనది, మందను కాచినది, వాకిట కావలి యున్నది. ఆ కుక్కయే ఒక్కొక్కప్పుడు మనిషిని కరచుచున్నది. పసిపిల్లల ప్రాణములు తీసిన సందర్భములును కలవు. ఈ ప్రమాదమును తప్పించుట ఎట్లు? క్రూరమైనవని పేరుబడిన కొన్ని జాతులను దేశములో లేకుండ చేసిన చాలునా? లేక కుక్కను పెంచువానిని బాధ్యుని చేయవలెనా? ఈ ప్రశ్న నేటిదిగా కనబడును గాని, దీని వెనుక దాదాపు నాలుగువేల ఏండ్ల చరిత్ర ఉన్నది.

2024 మార్చి 12వ తేదీన కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ రాష్ట్రములకు ఒక లేఖ పంపెను. పిట్‌బుల్, రాట్‌వైలర్, తోసా, డోగో అర్జెంటీనో మొదలైన 23 జాతులను అందు పేర్కొనిరి. వానిని అమ్ముటకు, పెంచుటకు అనుమతులు ఇవ్వరాదనియు, ఇప్పటికే ఇండ్లలో ఉన్న అట్టి కుక్కలకు పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయింపవలెననియు సూచించిరి.

ఆ పట్టికను కరీంనగర్ జిల్లా హుజూరాబాదు పట్టణములో ఒక గోడకు అంటించితి మనుకొందము. కరీంనగర్ నుండి వరంగల్ పోవు రహదారి మీదనున్న ఆ పట్టణములో బస్సు స్టాండు వద్ద, మాంసపు దుకాణముల వద్ద, బడికి పోవు దారిలో తిరుగు కుక్కలలో ఎన్ని ఆ పట్టికకు చిక్కును? ఇంచుమించు ఏదియు చిక్కదు. అవి ఏ జాతి పేరును లేని ఊరకుక్కలు. వానిలో పెక్కింటికి యజమానియు లేడు. జాతిని నిషేధించు చట్టమునకు జాతి కావలెను. యజమానిని శిక్షించు చట్టమునకు యజమాని కావలెను. రెండును లేనిచోట పిల్లలను కాపాడునది ఏది? ఈ చిక్కు విప్పుటకు చరిత్రను మొదటినుండి చూడవలెను.

ప్రాచీనుల న్యాయము

నేటి ఇరాకు దేశములో పూర్వము ఎష్నున్నా అను నగరము ఉండెను. దాదాపు 3,800 ఏండ్ల క్రిందట ఆ రాజ్యమువారు మట్టి పలకలపై వ్రాసికొన్న శాసనములలో కుక్కకాటును గురించి ఒక నియమము కలదు. కుక్క కరచునదని పేట అధికారులు యజమానికి ముందుగా తెలిపి యుండవలెను. అటుపిమ్మట కూడ అతడు దానిని కట్టడి చేయక, అది ఒకనిని కరచి చంపినచో, యజమాని 40 షెకెళ్ల వెండి చెల్లింపవలెను. షెకెలు అనగా దాదాపు 8 గ్రాముల తూకము. చచ్చినవాడు బానిస యైనచో 15 షెకెళ్లతో సరిపోవును. ఆనాటి సమాజము మనుషులను ఎట్లు తూచెనో ఈ తేడాయే చెప్పుచున్నది. కాని నియమములోని తర్కము గమనింపదగినది. కుక్క ఎట్టిది అని అది అడుగలేదు. యజమానికి తెలియునా, తెలిసియు ఏమి చేసెను అని మాత్రమే అడిగినది.

రోమనుల కాలములో జనము నడచు దారి ప్రక్కన కుక్కవంటి ప్రమాదకరమైన జంతువులను ఉంచరాదని నగరాధికారులు ఆజ్ఞాపించిరి. క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిపోయిన పాంపే నగరములో ఒక యింటి గడపలో రంగురాళ్లతో కూర్చిన కుక్క బొమ్మ బయటపడినది. దాని మెడలో పట్టీ, గొలుసు ఉన్నవి. క్రింద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అను అర్థము గల లాటిను మాటలు ఉన్నవి. నేడు మన ఊళ్లలో గేట్లకు తగిలించు పలకకు అది ముత్తాత.

మన దేశములో ఈ న్యాయమును ఇంకను స్పష్టముగా చెప్పిరి. కోరలుగల జంతువుగాని, కొమ్ములుగల జంతువుగాని మనిషిని హింసించుచుండగా, విడిపించు శక్తి యుండియు విడిపింపని యజమానికి దండన విధింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమును, యాజ్ఞవల్క్య స్మృతియు చెప్పుచున్నవి. బాధితుడు కేకలు వేసినను రానిచో ఆ దండన రెట్టింపగును. ఈ యాజ్ఞవల్క్య స్మృతికి ప్రసిద్ధమైన మితాక్షర అను వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలములో వ్రాసెను. ఆ చక్రవర్తి 1076 నుండి 1126 వరకు ఏలెను. అప్పుడు హనుమకొండ కాకతీయులును, నేటి జగిత్యాల ప్రాంతపు పొలవాస ప్రభువులును ఆయనకు సామంతులు. నేటి హుజూరాబాదు ఆ రెండు స్థానముల నడుమనున్న నేల. 13వ శతాబ్దిలో కేతన ఆ ధర్మశాస్త్రమును విజ్ఞానేశ్వరీయము అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. శాస్త్రములో వ్రాసినదంతయు ఊరూర అమలు జరిగినదని చెప్పరాదు. కాని యజమాని బాధ్యత అను భావము మనకు పడమటినుండి వచ్చిన క్రొత్త సరకు కాదని మాత్రము తెలియుచున్నది.

‘జాతి’ ఎప్పుడు పుట్టినది?

జీవశాస్త్రరీత్యా కుక్కలన్నియు ఒకే జీవజాతికి చెందినవి. అల్సేషియన్, పిట్‌బుల్ అనునవి అందులోని రకములు; వాడుకలో వానినే జాతులందుము. పూర్వము కుక్కకు పేరు దాని పనినిబట్టి వచ్చెడిది. వేటాడునది జాగిలము, మందను కాచునది మందకుక్క. తెలంగాణములో గొల్లలు, కురుమలు గొఱ్ఱెల మందల వెంట కుక్కలను త్రిప్పుకొనిరి. లంబాడీలు తండాల వెంట వేటకుక్కలను నడిపించిరి. కోస్తాలో జోనంగి కుక్కలు బాతుల మందలను కాచినవి. వీనికి వంశవృక్షములు, ధ్రువపత్రములు లేవు.

వంశమును పుస్తకములో వ్రాసి, ఆ పుస్తకములోని కుక్కలను తమలో తామే కలిపించు పద్ధతి 19వ శతాబ్దిలో ఇంగ్లండునందు స్థిరపడినది. 1859లో న్యూకాజిలు నగరములో కుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో కెన్నెల్ క్లబ్బు ఏర్పడినది. పిట్‌బుల్ పూర్వచరిత్రయు ఆ శతాబ్దిదే. ఎద్దును కట్టివేసి కుక్కలను ఉసికొల్పు వినోదమును 1835లో ఇంగ్లండు చట్టము మాన్పించెను. ఆ వినోదమునకు అలవాటుపడినవారు కుక్కలతో కుక్కలనే పోట్లాడించు రహస్య పందెములకు మరలిరి. దానికై బుల్‌డాగును టెర్రియరుతో కలిపి పెంచిన కుక్కల సంతతియే అమెరికా చేరి పిట్‌బుల్ అయినది. ఆ కుక్కకు పోట్లాట నేర్పినవాడు మనిషియే.

భయము కూడ కాలమునుబట్టి జాతిని మార్చుకొనుచుండును. మన పోలీసుల వెంట కనబడు అల్సేషియన్ కుక్కలో తోడేలు రక్తము ఉన్నదనియు, అది గొఱ్ఱెలను నాశనము చేయుననియు భయపడి ఆస్ట్రేలియా ప్రభుత్వము 1929లో దాని దిగుమతిని నిషేధించెను. 1970ల దశాబ్దిలోగాని ఆ నిషేధము తొలగిపోలేదు. ఆ నడుమ అదే కుక్క ఇతర దేశములలో సైన్యమునకు, పోలీసులకు, అంధులకు సేవ చేసి పేరు తెచ్చుకొన్నది.

నిషేధములు ఏమి సాధించినవి?

జాతి నిషేధములకు బాగుగా పేరుపొందిన ఉదాహరణ బ్రిటను. వరుసగా కొన్ని ఘోరమైన దాడులు జరుగగా 1991లో అక్కడ ప్రమాదకర శునకముల చట్టము వచ్చెను. పిట్‌బుల్ టెర్రియర్, జపాను తోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో అను నాలుగు రకములను అది నిషేధించెను. ఫలితమేమి? ఇంగ్లండులో కుక్కకాటువలన ఆసుపత్రిలో చేరినవారి సంఖ్య 1998లో లక్ష జనాభాకు 6.34 ఉండగా, 2018 నాటికి 14.99కి పెరిగినది. నిషేధమువలన కాటులు పెరిగినవని దీని అర్థము కాదు. వానిని అది ఆపలేకపోయినదని మాత్రము అర్థము. ఇంతలో పిట్‌బుల్ వంశములోనుండి తీసిన ఎక్స్‌ఎల్ బుల్లీ అను భారీకుక్క క్రొత్త పేరుతో వచ్చినది. దాని దాడులలో మనుషులు చనిపోగా, 2024 ఫిబ్రవరి 1 నుండి ఇంగ్లండు, వేల్సులలో మినహాయింపు పత్రము లేకుండ దానిని ఉంచుకొనుట నేరమైనది.

నెదర్లాండ్సు 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాటులు తగ్గలేదని 2008లో ఆ నిషేధమును ఎత్తివేసెను. ఇటలీ 2003లో ప్రమాదకర జాతుల పట్టిక చేసెను. 2009లో దానిని తీసివేసి, ఏ కుక్కకైనను యజమానియే బాధ్యుడను సూత్రమునకు మరలెను. డెన్మార్కు 2010లో 13 జాతులను నిషేధించినది. అటుపిమ్మట ఓడెన్స్ నగరపు ఆసుపత్రి లెక్కలను పరిశీలించిన వారికి ఆ చట్టమువలన కాటులు తగ్గిన జాడ కనబడలేదు. కెనడాలోని కాల్గరీ నగరము వేరు దారి పట్టినది. 2006నాటి దాని నిబంధనలలో ఏ జాతికిని నిషేధము లేదు. లైసెన్సు తప్పనిసరి, కుక్క తప్పుచేసినచో యజమానికి భారీ జరిమానా.

శాస్త్రము చెప్పునది

ఇట్లనుటచే జాతికి ఏ ప్రభావమును లేదని కాదు. పెద్ద దవడ, బలమైన మెడ గల కుక్క కరచినచో గాయము లోతుగా నుండును. 1979 నుండి 1998 వరకు అమెరికాలో కుక్కకాటువలన చనిపోయిన 238 మందిని గురించిన పరిశీలనలో, జాతి తెలిసిన మరణములలో సగమునకు పైగా పిట్‌బుల్, రాట్‌వైలర్ రకములవే. అయితే ఆ మరణములలో కనీసము 25 జాతుల కుక్కలు పాలుపంచుకొన్నవని అదే పరిశీలన చెప్పుచున్నది. రెండు పేర్లు కొట్టివేసినచో మిగిలిన ఇరవైమూడింటి మాట ఏమి?

2000 నుండి 2009 వరకు అమెరికాలో జరిగిన 256 మరణములను మరియొక పరిశోధక బృందము ఇంకను లోతుగా శోధించెను. కుక్క జాతిని నమ్మకముగా చెప్పగలిగినది నూటికి 18 సందర్భములలోపే. కాని కొన్ని పరిస్థితులు పదేపదే కనబడినవి. నూటికి 87 సందర్భములలో దగ్గర అడ్డుపడగల మనిషి లేడు. నూటికి 85 సందర్భములలో బాధితునికి ఆ కుక్కతో పరిచయము లేదు. నూటికి 84 సందర్భములలో కుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స జరుగలేదు. నూటికి 76 సందర్భములలో ఆ కుక్కను మనుషులతో కలిసి మెలగనీయక ఒంటరిగా ఉంచిరి. ఒక్కొక్క ఘటనలో ఇట్టి కారణములు నాలుగైదు కలిసియుండుట సామాన్యము. వీనిలో పెక్కింటిని మనిషి మార్పగలడు.

2022లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటితమైన ఒక పరిశోధనలో 18,000కు పైగా కుక్కల ప్రవర్తనను పోల్చిచూచిరి. ఒక కుక్కకును మరియొక కుక్కకును గల నడవడి భేదములో జాతి చెప్పగలిగినది దాదాపు నూటికి 9 పాళ్లు మాత్రమే. తక్కిన దానిలో పెంపకమునకు పెద్ద చోటున్నది. కుక్కపిల్ల పుట్టిన మూడవ వారము మొదలు ఇంచుమించు పండ్రెండవ వారము వరకు మనుషులతో, ఇతర జంతువులతో మెలగుట నేర్చుకొనును. ఆ దినములలో దానిని చీకటి కొట్టములో కట్టివేసినచో, పెరిగిన పిదప క్రొత్తవాడెవడైనను దానికి శత్రువుగా కనబడును. రాత్రింబవళ్లు గొలుసు విప్పక ఉంచిన కుక్క కావలికి గట్టిదని కొందరి నమ్మకము. నిజమునకు అది ప్రమాదమును ఇంటిలోనే పెంచుకొనుట.

మన చట్టములు

1860నాటి భారత శిక్షాస్మృతి 289వ విభాగము ఎష్నున్నా శాసనమునకు దూరపు చుట్టము. తన వద్దనున్న జంతువువలన మనుషుల ప్రాణమునకుగాని, తీవ్రగాయమునకుగాని అవకాశమున్నప్పుడు, తెలిసియో నిర్లక్ష్యముచేతనో తగిన కట్టుదిట్టము చేయనివాడు నేరస్థుడని అది చెప్పెను. నిజాము పాలనలోనున్న హైదరాబాదు రాజ్యమునకు వేరు శిక్షాస్మృతి ఉండెడిది. 1951 ఏప్రిల్ 1 నుండి భారత శిక్షాస్మృతి ఇక్కడికిని వర్తించెను. 2024 జులై 1న దాని స్థానములో భారతీయ న్యాయ సంహిత రాగా, ఈ నియమము 291వ విభాగమైనది. శిక్ష ఆరు నెలల వరకు కారాగారము, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. ఇందులోను జాతి మాట లేదు. ఊరకుక్కను పెంచినవాడును, విదేశపు కుక్కను కొన్నవాడును దీనికి సమానులే.

పైన చెప్పిన 23 జాతుల లేఖ ఎంతో కాలము నిలువలేదు. సంబంధించినవారి అభిప్రాయములు వినకుండ చేసినదని కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో దానిని కొట్టివేసెను. అదే నెలలో ఢిల్లీ హైకోర్టులోను అది నిలువలేదు. మరుసటి నెలలోనే, చెన్నైలోని ఒక పార్కులో రెండు రాట్‌వైలర్ కుక్కలు ఐదేండ్ల బాలికను తీవ్రముగా గాయపరచినవి. జాతి పట్టిక కావలెనని కొందరనిరి. కాని ఆ కుక్కలకు గొలుసు లేదు, మూతికి చిక్కము లేదు; చోటు చూడగా పిల్లలు ఆడుకొను పార్కు. ఎద్దు మూతికి చిక్కము కట్టుట తెలిసిన మనకు, కుక్క మూతికి కట్టుట తెలియని విద్య కాదు.

యజమాని లేని కుక్క

ఇప్పుడు హుజూరాబాదు వీధిలోని కుక్క వద్దకు మరలుదము. మన ప్రాంతములలో పిల్లల ప్రాణములు తీసిన దాడులలో దేశమును కదిలించినవి ఇట్టి వీధికుక్కలవే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కల గుంపు చంపినది. అదే సంవత్సరము మే నెలలో, హుజూరాబాదునకు ఎంతో దూరము లేని కాజీపేటలో పొట్టకూటికై వచ్చిన ఒక వలస కుటుంబపు బాలుడు అట్లే బలియయ్యెను. ఈ రెండు చోట్ల జాతి నిషేధము ఏమి చేయగలదు? యజమానిని ఎక్కడ వెదకుట?

పూర్వము దీనికి ఒకే ఉపాయము తెలిసియుండెను: చంపుట. మద్రాసు నగరపాలక సంస్థ ఒక శతాబ్దికి పైగా ఆ పని చేసినది. కుక్కల సంఖ్య తగ్గలేదు. వీధిలో తిండి యున్నంతకాలము చచ్చిన కుక్క చోటికి ప్రక్క పేటనుండి మరియొకటి వచ్చును. మిగిలినవి పిల్లలు పెట్టి ఖాళీని నింపును. 1996లో మద్రాసు ఆ పద్ధతి మాని, పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, తిరిగి విడుచు పద్ధతికి మారెను. 2001లో కేంద్రము ఈ పద్ధతిని నియమావళిగా చేసినది. 2023లో దానిని మార్చి వ్రాసినది. ఈ నియమముల ప్రకారము వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది, అనగా పట్టణములో పురపాలక సంఘము, పల్లెలో గ్రామపంచాయతీ. విషము పెట్టుట, కాల్చుట చట్టవిరుద్ధము. అయినను 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామములో ఇరవై వీధికుక్కలను తుపాకులతో కాల్చి చంపిరి. సహనము నశించినచోట చట్టమును చేతిలోకి తీసికొనుట ఇట్లే జరుగును.

2025లో సుప్రీంకోర్టు ఈ విషయమును చేపట్టెను. టీకాలు, శస్త్రచికిత్స అయిన కుక్కలను వాని చోటనే విడువవచ్చుననియు, పిచ్చికుక్కలను, మీదపడు స్వభావముగల వానిని విడువరాదనియు ఆగస్టులో చెప్పెను. విద్యాలయములు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషనులు మొదలైన చోట్లనుండి వీధికుక్కలను తొలగించి, ఆ ప్రాంగణములకు ప్రహరీ, కంచె ఏర్పరుపవలెనని నవంబరులో ఆదేశించెను.

ఈ చరిత్రనంతయు కలిపి చూచినచో ఒక మాట తేలుచున్నది. ఎష్నున్నా మొదలు నేటివరకు నిలిచిన న్యాయము ఒక్కటే: అదుపుచేయగలవాడే బాధ్యుడు. ఇంటికుక్కను అదుపుచేయగలవాడు గృహస్థుడు. వీధికుక్కను అదుపుచేయగలది ఊరు. కావున వీధికుక్క యజమాని లేనిది కాదు. ఊరంతయు దాని యజమాని. మాంసపు వ్యర్థములను, హోటలు ఎంగిళ్లను, చచ్చిన కోళ్లను రోడ్డుప్రక్కన పారవేయువాడు ఆ కుక్కల గుంపును పోషించుచున్నాడు. శస్త్రచికిత్సలకు నిధులు అడుగని సభ్యుడు, పెంచి విసిగి కుక్కపిల్లను ఊరిబయట వదలివచ్చువాడు గూడ ఆ యాజమాన్యములో పాలివాండ్రే.

బడిలో నేర్పవలసినవి

మన దేశములో ఏటా దాదాపు 91 లక్షల జంతువు కాటులు జరుగుచున్నవనియు, అందు నాలుగింట మూడు కుక్కలవేననియు, రేబీసువలన దాదాపు 5,700 మంది మరణించుచున్నారనియు భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రజ్ఞులు 2025లో ప్రకటించిన అంచనా. రేబీసు లక్షణములు కనబడిన పిదప మరణము ఇంచుమించు తప్పదు. లక్షణములు రాకముందు సరియైన చికిత్స జరిగినచో మరణమును తప్పింపవచ్చును. కరచినవెంటనే గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన తేదీలన్నింటికి తప్పక పోవలెను. గాయము లోతైనచో ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను మందు కూడ అవసరము. కరచినది ఇంటికుక్కయైనను ఈ జాగ్రత్త తప్పదు. ఊరిలోని కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా వేసినచో వానిలో వ్యాధి వ్యాప్తి నిలిచిపోవును.

‘మొరిగే కుక్క కరవదు’ అను సామెతను నమ్మరాదని ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పవలెను. మొరుగుట, గుర్రుమనుట, పండ్లు చూపుట కుక్క చేయు హెచ్చరికలు. అట్టి సమయమున పరుగెత్తరాదు, దాని కండ్లలోనికి చూడరాదు. చేతులు ఒంటికి ఆనించి నిలబడి, మెల్లగా ప్రక్కకు తప్పుకొనవలెను. తినుచున్న కుక్క, నిద్రించుచున్న కుక్క, పిల్లలనీనిన కుక్క జోలికి పోరాదు.

పై తరగతుల విద్యార్థులు ఇంకొక పని చేయవచ్చును. శస్త్రచికిత్స జరిగిన వీధికుక్క చెవి అంచున గుర్తుగా చిన్న గంటు కోయుదురు. బడి చుట్టుప్రక్కల వీధులలో ఎన్ని కుక్కల చెవికి ఆ గంటు ఉన్నదో, ఎన్నింటికి లేదో, చెత్త ఎక్కడెక్కడ పడుచున్నదో పెద్దల తోడుతో, కుక్కల దగ్గరకు పోకుండ దూరమునుండి లెక్కించి, ఆ లెక్కను పురపాలక సంఘమునకో, పంచాయతీకో వ్రాతపూర్వకముగా ఈయవచ్చును. ఎష్నున్నాలో అధికారులు యజమానికి ముందుగా తెలిపెడివారు. ఇక్కడ యజమాని ఊరే గనుక, ఊరికి తెలుపు పని మనది. తెలిపిన పిదప ఏమియు చేయకుండుట అప్పుడును నేరమే, ఇప్పుడును నేరమే.